బలహీనమైన కాలి మీద బరువు



ఈ సభ ఏ మాస్టారి పేరిట జరుగుతోందో, ఆయన తన ఉద్యోగ జీవితమంతా పక్షవాతం వచ్చినవాళ్ళ మధ్యే గడిపారు. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు మెదడు గురించీ, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ల గురించీ చెప్పమని కొందరు మిత్రులు సూచించారు. అవి చెప్పగల సమర్థులు ఈ సభలోనే ఉన్నారు. నేను ఎముక గురించి మాట్లాడతాను. పక్షవాతం వచ్చిన మనిషిని న్యూరాలజిస్టు చూస్తాడు, బీపీకీ షుగరుకీ మందులిచ్చే డాక్టరు చూస్తాడు, ఫిజియో చూస్తాడు. ఎముక సంగతి మాత్రం అది విరిగేదాకా ఎవరికీ పట్టదు. మాస్టారికి పట్టేది. వార్డులోకి వస్తూనే ఆయన అడిగే మొదటి మాట, "ఇవాళ ఈయన ఎంతసేపు నిలబడ్డాడు?"

మనవాళ్ళు "కాలూ చెయ్యీ పడిపోయింది" అంటారు. పడిపోయిన చెయ్యి కనిపిస్తుంది. వంకరపోయిన మూతి కనిపిస్తుంది. ముద్దముద్దగా వచ్చే మాట వినిపిస్తుంది. ఆ కాలి లోపలి ఎముక గుల్లబారుతున్న సంగతి కంటికి ఆనదు, నొప్పీ పుట్టించదు. ఏడాది గడుస్తుంది. మనిషి కర్ర పట్టుకుని వసారా దాకా వస్తున్నాడని ఇంటిల్లిపాదీ సంతోషిస్తున్న రోజుల్లో బాత్‌రూమ్ దగ్గర కాలు జారుతుంది, తుంటి విరుగుతుంది. విరిగేది ఎక్కువసార్లు పక్షవాతం వచ్చిన వైపు తుంటే. "నిలబడ్డచోటే కూలబడ్డాడండీ, ఆ మాత్రానికే ఎముక విరిగిపోతుందా?" అని కుటుంబం అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. స్వీడన్‌లో ఆసుపత్రి రికార్డులను దేశమంతటా పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన మొదటి ఏడాదిలో ఎముక విరిగే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉంటుంది. తర్వాత్తర్వాత తగ్గుతుంది కానీ మామూలు స్థాయికి చేరడానికి చాలా కాలం పడుతుంది.

ఎందుకు విరుగుతుందో అర్థం కావాలంటే ఎముక ఎలా బతుకుతుందో తెలియాలి. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు కొత్తగా తయారవుతుంది. ఒక రకం కణాలు పాత ఎముకను తొలుస్తూ పోతాయి, ఇంకో రకం కణాలు ఆ గుంటల్ని పూడ్చుకుంటూ వస్తాయి. తొలిచే పని రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పూడ్చే పనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కూల్చడం వేగం, కట్టడం నిదానం. ఎక్కడ తొలవాలో, ఎక్కడ పూడ్చాలో నిర్ణయించేవి ఎముక లోపల చిక్కుకుని ఉండే మూడో రకం కణాలు, ఆస్టియోసైట్లు. మనం అడుగు వేసిన ప్రతిసారీ ఎముక కంటికి కనబడనంత కొద్దిగా వంగుతుంది. ఆ వంపుకి లోపలి సన్నని కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలికను ఈ కణాలు పసిగడతాయి. కదలిక ఉన్నంతకాలం కట్టే కణాలకు అడ్డు ఉండదు. అది ఆగిపోతే ఆస్టియోసైట్లు స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. కట్టే పనిని నిలిపేసే ప్రొటీన్ అది. తొలిచే పని మాత్రం సాగుతూనే ఉంటుంది.

బరువును బట్టే ఎముక రూపం మారుతుందని బెర్లిన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకమే రాశారు. అమెరికా వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ దాదాపు ఒక శతాబ్దం తర్వాత దాన్ని ఇంకా స్పష్టం చేశారు. ఒక స్థాయికి మించి ఒత్తిడి పడితే ఎముక పెరుగుతుంది, ఒక స్థాయికన్నా తగ్గితే కరుగుతుంది. టెన్నిస్ ఆటగాళ్ళ ఎక్స్‌రేలు తీసి 1977లో ప్రచురించిన పరిశోధనలో, రాకెట్ పట్టే చేతి ఎముక గోడ రెండో చేతికన్నా మగవాళ్ళలో 35 శాతం మందంగా తేలింది. మనిషి ఒకడే, తిండి ఒకటే, రక్తం ఒకటే, రెండు చేతుల్లో రెండు రకాల ఎముక. ఇక అంతరిక్షంలో బరువన్నదే ఉండదు కాబట్టి వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా ఎముక సాంద్రత పడిపోతుంది. ఎంతో దృఢంగా ఉండి, ఏరికోరి ఎంపికైన మనుషుల సంగతి అది.

పక్షవాతం వచ్చిన మనిషికి భూమ్మీదే సగం శరీరానికి ఆ స్థితి వస్తుంది. మెదడు నుంచి ఆజ్ఞ రాదు కాబట్టి కండరం లాగదు. కండరం లాగదు కాబట్టి, కాలు నేలకు ఆనదు కాబట్టి, ఎముక వంగదు. ఉత్తర స్వీడన్‌లోని ఉమెయో పరిశోధకులు తీవ్రమైన పక్షవాతం వచ్చినవాళ్ళను ఏడాదిపాటు స్కాన్ చేస్తూ వచ్చి 1999లో ఫలితాలు ప్రచురించారు. పడిపోయిన వైపు భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకలో దాదాపు 17 శాతం సాంద్రత పోయింది. తొడ ఎముక పైభాగంలో 12 శాతం పోయింది. బాగున్న చేతి ఎముక మాత్రం కొంచెం పెరిగింది. రోజంతా అన్ని పనులూ ఆ ఒక్క చేతి మీదే పడ్డాయి కదా. నెలకు ఒక శాతం చొప్పున తొడ ఎముక తగ్గడమంటే, అది వ్యోమగామి కోల్పోయేదానికి దరిదాపుల్లోనే ఉంది. వ్యోమగామి కోసం అంతరిక్ష కేంద్రంలో ట్రెడ్‌మిల్లూ, బరువులు ఎత్తే యంత్రమూ పెట్టారు. మన వార్డులో పేషెంటుకి మంచం ఇచ్చాం.

ఇప్పుడు చెప్పబోయేది ఈ ఉపన్యాసానికి ఆయువుపట్టు. నార్వేలోని ట్రొమ్సో పరిశోధకులు 40 మందిని ఏడాదిపాటు గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. మొదటి నుంచీ నడవగలిగినవాళ్ళకు పక్షవాతం వచ్చిన వైపు తొడ ఎముక మెడ దగ్గర 3 శాతం సాంద్రత తగ్గింది. ఏడాదంతా చక్రాల కుర్చీకే పరిమితమైనవాళ్ళకు 10 శాతం తగ్గింది. పైగా వాళ్ళకు బాగున్న కాలిలోనూ 5 శాతం పోయింది. రెండు నెలల లోపు మళ్ళీ నడక నేర్చుకున్నవాళ్ళు ఈ రెండింటి మధ్యలో ఉన్నారు. పక్షవాతమే ఎముకను కరిగించిందనుకుంటే, బాగున్న కాలు ఎందుకు కరగాలి? దానికి నరం ఉంది, బలం ఉంది. లేనిది బరువే. ఆ కాలిని కూడా మంచం మీదే ఉంచాం. బాగున్న కాలిలోని ఆ 5 శాతాన్ని రోగం తీసుకుపోలేదు, మన సేవ తీసుకుపోయింది.

ఈ మాట కఠినంగా వినిపిస్తుందని తెలుసు. మన ఇళ్ళల్లో సేవ అంటే ఏమిటో నాకు తెలుసు. మామగారికి పక్షవాతం వస్తే కోడలు మంచం దగ్గరికే కాఫీ తెస్తుంది, మంచం మీదే తినిపిస్తుంది, మంచం మీదే ఒళ్ళు తుడుస్తుంది. కొడుకు ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళకు నూనె పట్టిస్తాడు. చుట్టాలు చూడ్డానికి వస్తే, "మంచం దిగనివ్వకుండా చూసుకుంటున్నారు, అదృష్టవంతుడు" అని మెచ్చుకుంటారు. లేవబోతే, "మీరు లేవకండి మామయ్యగారూ, మేమున్నాం కదా" అంటారు. ఆ ప్రేమకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. దానికి దారి మార్చాలంతే. అదే కోడలు కాఫీ గ్లాసు మంచం మీద కాకుండా నాలుగడుగుల దూరంలో కుర్చీ దగ్గర పెట్టి, నడుం పట్టుకుని అక్కడిదాకా తీసుకెళ్తే, ఆ నాలుగడుగుల్లో తుంటి ఎముకకు అందేది నూనె మర్దనాతో ఎన్నటికీ అందదు. మామూలుగా నడిచేటప్పుడు ఒక్కొక్క అడుగుకీ తుంటి కీలు మీద శరీర బరువుకి దాదాపు రెండున్నర రెట్లు ఒత్తిడి పడుతుంది. అరవై కిలోల మనిషికి నూట యాభై కిలోలు. కండరాలు లాగడం వల్లే అంత వస్తుంది. పడుకుని కాలు ఆడించినంత మాత్రాన అందులో కొద్ది భాగమే. మర్దనాకు దాని ప్రయోజనం దానికుంది, బిగుసుకున్న కండరానికి హాయి, మనసుకి ఓదార్పు. ఎముక మాత్రం మర్దనాను పట్టించుకోదు.

అలాగని పక్షవాతం వచ్చిన మర్నాడే బలవంతంగా నిలబెట్టి పరుగులు పెట్టించమని కాదు. మెల్‌బోర్న్‌కు చెందిన జూలీ బెర్న్‌హార్ట్ బృందం ఐదు దేశాల్లో 56 ఆసుపత్రుల్లో 2,104 మందితో చేసిన అవర్ట్ ప్రయోగం 2015లో లాన్సెట్‌లో వచ్చింది. మొదటి 24 గంటల్లోనే ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి నడిపించినవాళ్ళలో మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్ళు 46 శాతం. మామూలు పద్ధతిలో చూసినవాళ్ళలో 50 శాతం. తొందరపాటు కీడే చేసింది. తర్వాత లెక్కలు విడదీసి చూస్తే, ఒకేసారి ఎక్కువసేపు కాకుండా కొద్దికొద్దిసేపు పలుమార్లు లేపడం మేలని తేలింది. కాబట్టి మొదటి రోజు డాక్టరు చెప్పిన ప్రకారమే నడుచుకోవాలి. నేను మాట్లాడుతున్నది ఆ తర్వాతి వారాల గురించి, నెలల గురించి, ముఖ్యంగా డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక మన రాష్ట్రాల్లో వేలమంది మంచానికే అంకితమైపోయే ఆ దీర్ఘకాలం గురించి.

ఆ దీర్ఘకాలంలో ఇంకేమైనా చేయగలమా అంటే, చేయగలం. దీనికి నేను ఎక్కువగా నమ్మే సాక్ష్యం కెనడాలోని వాంకూవర్ నుంచి వచ్చింది. మార్కో పాంగ్, జానిస్ ఎంగ్, వాళ్ళ సహచరులు పక్షవాతం వచ్చి ఏడాది దాటిన, యాభై పైబడిన 63 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు 19 వారాలపాటు వారానికి మూడుసార్లు, గంటసేపు, చురుగ్గా నడవడం, మెట్టు ఎక్కి దిగడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలెత్తి నిలబడడం వంటివి చేసింది. రెండో జట్టు కూర్చుని చేతుల వ్యాయామం చేసింది. 2005లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చేతుల వ్యాయామం చేసినవాళ్ళ బలహీనమైన కాలి తొడ ఎముక ఇంకా కరిగింది. కాళ్ళ వ్యాయామం చేసినవాళ్ళది నిలబడింది. పరికరాల ఖర్చు పెద్దగా లేదు, కుర్చీ ఉంటే చాలు, మెట్టు ఉంటే చాలు. వాళ్ళు ఎంచుకున్నది పక్షవాతం వచ్చి ఏడాది దాటినవాళ్ళను అన్నది మరిచిపోవద్దు. "ఆరు నెలలు దాటిపోయింది, ఇక వచ్చేదేమీ లేదు" అని మన దగ్గర చెప్పే మాట ఎముక విషయంలో అబద్ధం.

వీటిలో కుర్చీలోంచి లేవడం అన్నింటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. పక్షవాతం వచ్చిన మనిషిని లేవమంటే బరువంతా బాగున్న కాలి మీదే వేసి లేస్తాడు. అది తప్పు కాదు, శరీరానికున్న తెలివి. బలహీనమైన కాలికి మాత్రం అందులో ఏమీ మిగలదు. దానికి మాస్టారు నేర్పిన కిటుకు ఒకటుంది, ఇక్కడున్న విద్యార్థులు గుర్తుపెట్టుకోండి. లేవబోయే ముందు బలహీనమైన పాదాన్ని వెనక్కి జరపాలి, బాగున్న పాదాన్ని కొంచెం ముందుకి పెట్టాలి. అప్పుడు లేవాలంటే బరువు బలహీనమైన కాలి మీద పడక తప్పదు. కుర్చీ ఎత్తుగా, గట్టిగా, గోడకు ఆనించి ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, అవి వెనక్కి జారతాయి. పక్కన ఒక మనిషి ఉండాలి, చంక కింద చెయ్యి వేసి లాగకూడదు, నడుం దగ్గర పట్టుకోవాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే భుజం కీలు జారుతుంది. రోజులో నాలుగైదు పూటలు, ఓపిక ఉన్నన్నిసార్లు. రొప్పు వస్తే, గుండెదడ వస్తే, తల తిరిగితే ఆపాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన సూచనల్లో పక్షవాతం తర్వాత వారానికి మూడు నుంచి ఐదు రోజులు నడక వంటి వ్యాయామం, రెండు మూడు రోజులు కండబలం పెంచే వ్యాయామం చేయాలని ఉంది. ఒకేసారి చేయలేకపోతే పదేసి నిమిషాలుగా విడగొట్టుకోవచ్చు. ఆ సూచనలు గుండె కోసం రాసినవి, రెండోసారి పక్షవాతం రాకుండా రాసినవి. ఎముకకు అందే మేలు దానితో పాటే వస్తుంది.

ఇక మందుల సంగతి. ఇది చెప్పడానికి బాధగా ఉంటుంది, చెప్పకుండా ఉండడం ఇంకా తప్పు. పక్షవాతం తర్వాత ఎముకల గురించి ఇరవయ్యేళ్ళ కిందట పుస్తకాలు తిరగేస్తే పేజీపేజీకీ ఒకే పేరు కనిపించేది. జపాన్ వైద్యుడు యోషిహిరో సాటో. 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసంలో, 628 మంది పక్షవాత రోగుల్లో సగం మందికి ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ ఇస్తే రెండేళ్ళలో ఆరుగురికే తుంటి విరిగిందనీ, ఇవ్వనివాళ్ళలో 27 మందికి విరిగిందనీ ఉంది. రెండు చవక మాత్రలతో అంత మేలంటే ఎవరు వదులుకుంటారు? ఇతర మందుల మీదా ఇలాంటివే వరసగా వచ్చాయి. స్కాట్లాండ్‌లో అలిసన్ అవెనెల్, న్యూజీలాండ్‌లో మార్క్ బోలండ్, ఆండ్రూ గ్రే ఈ కాగితాలను పక్కపక్కన పెట్టి చూశారు. రెండు జట్ల మధ్య వయసులూ, బరువులూ లాటరీ తీసినట్టు కాక, కొలిచి కోసినట్టు సరిపోతున్నాయి. ఒక్క చిన్న ఆసుపత్రి కొద్ది నెలల్లో అన్ని వందలమందిని ఎలా చేర్చుకుందో అర్థం కాదు. వాళ్ళు 33 ప్రయోగాలను గణాంకాలతో పరీక్షించి 2016లో ప్రచురించారు. ఆ 628 మంది వ్యాసాన్ని పత్రిక అదే ఏడాది ఉపసంహరించుకుంది. ఆయన వ్యాసాలు డజన్ల కొద్దీ వెనక్కిపోయాయి.

విరిగిన తుంటితో మంచం మీద ఉన్న ముసలమ్మ ఈ కథకు అసలు బాధితురాలు. ఆ కాగితాలను నమ్మి ఎన్ని దేశాల్లో డాక్టర్లు విటమిన్ మాత్రలు రాసి, ఎముక సంగతి చూసేశామనుకుని, నడిపించడం మానేసి ఉంటారో! ఇప్పటికీ కొన్ని క్లాసు నోట్సుల్లో ఆ అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. విద్యార్థులారా, మీ నోట్సులో సాటో పేరు కనిపిస్తే ఆ వ్యాసం నిలిచి ఉందో, వెనక్కిపోయిందో చూసుకోండి. కేంబ్రిడ్జిలో 27 మందితో నిజాయితీగా చేసిన ఒక చిన్న ప్రయోగం ఉంది. పక్షవాతం వచ్చిన తొలి వారాల్లో జోలెండ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఒక్కసారి ఇస్తే తుంటి ఎముక కరగడం ఆగిందని 2007లో తేల్చారు. నడవలేని స్థితిలో ఉన్నవాళ్ళకు ఆ దారి ఉందని డాక్టర్లు గుర్తుంచుకోవాలి. కిడ్నీలు, కాల్షియం, విటమిన్ డి చూసుకున్నాకే ఇవ్వాలి.

మేలు కోరి ఇచ్చే మందే ఎముకను దెబ్బతీసిన సందర్భమూ ఉంది. దిగులు జబ్బుకు వాడే ఫ్లూయాక్సెటిన్ మాత్ర రోజూ ఇస్తే పడిపోయిన కాలూ చెయ్యీ త్వరగా వస్తాయని ఒక దశలో అందరూ ఆశపడ్డారు. బ్రిటన్‌లో 3,127 మందితో చేసిన ఫోకస్ ప్రయోగం 2018లో వెలువడింది. కాలూ చెయ్యీ బాగుపడడంలో తేడా ఏమీ లేదు. ఎముక విరిగినవాళ్ళు మాత్రం మాత్ర వేసుకోనివాళ్ళలో 1.47 శాతం ఉంటే, వేసుకున్నవాళ్ళలో 2.88 శాతం ఉన్నారు. తర్వాత ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, వియత్నాంలోనూ, స్వీడన్‌లోనూ చేసిన ప్రయోగాల్లో అదే తేలింది. దిగులు జబ్బు నిజంగా ఉంటే దానికి వైద్యం కావాల్సిందే, ఆ మాత్రను ఎవరూ సొంతంగా ఆపెయ్యొద్దు. కాళ్ళు వస్తాయని మాత్రం ఎవరూ మొదలుపెట్టొద్దు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ విటమిన్ డిని తరిగేస్తుంది. పక్షవాతం తర్వాత ఫిట్స్ వచ్చి ఏళ్ళ తరబడి ఆ మాత్ర మింగేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. వాళ్ళ ఎముకల్ని ప్రత్యేకంగా చూడాలి.

తిండి గురించి రెండు మాటలు. పక్షవాతం అన్న పేరులోనే వాతం ఉంది కాబట్టి వాతం చేసేవన్నీ మాన్పించాలని ఊళ్ళల్లో పథ్యం పెడతారు. పెరుగు వద్దు, పప్పు వద్దు, ఆకుకూర వద్దు, చారన్నం పెట్టండి అంటారు. ఎముకకూ కండకూ కావలసినవన్నీ ఆ పట్టికలోంచే పోతాయి. తిరుపతిలో హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనల్లో, ఏ జబ్బూ లేని మనవాళ్ళలోనే కాల్షియం తక్కువ తినడం, విటమిన్ డి లోపం విరివిగా కనిపించాయి. పొలంలో పనిచేసేవాళ్ళు పట్నంవాళ్ళకన్నా నయం. ఎండ మండిపోయే రాయలసీమ గడ్డ మీద ఇది పరిస్థితి. నాలుగు గోడల మధ్య మంచం మీద ఉన్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లుడిగిన ఆడవాళ్ళకు 1,200. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పెరుగు, కూరలో నువ్వుల పొడి, వారానికి రెండుసార్లు మునగాకు పప్పు పెట్టండి. మింగడం కష్టంగా ఉన్నవాళ్ళకు జావ చిక్కగా కాచి, కూర్చోబెట్టి పట్టాలి.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే అక్కడి ఫ్లోరైడ్ నీళ్ళ జబ్బును వైద్య పత్రికలు రికార్డు చేశాయి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. స్కాన్‌లో సాంద్రత బాగుందనే వస్తుంది. గట్టిదనం మాత్రం ఉండదు. ఆ నీళ్ళు తాగి పెరిగిన మనిషికి పక్షవాతం వస్తే, స్కాన్ రిపోర్టు బాగుందని ధీమాగా ఉండకూడదు.

స్కాన్ గురించి మామూలు జాగ్రత్త ఒకటి. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌కు పంపితే చాలాచోట్ల ఒక తుంటికే తీస్తారు. పక్షవాతం వచ్చిన మనిషికి బాగున్న వైపు తీసి అంతా బాగుందని రాస్తే, గుల్లబారిన తుంటి అలాగే ఉండిపోతుంది. చీటీ మీద ఏ వైపు పడిపోయిందో రాయండి, రెండు వైపులా తీయమని అడగండి.

పడిపోవడం వేరే సంగతి కాదు, ఇందులో భాగమే. మామూలు మనిషి తూలితే చెయ్యి చాపి ఆపుకుంటాడు. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ వైపు చెయ్యి లేవదు, అందుకే తుంటి నేరుగా నేలకు తగులుతుంది. గుల్లబారిన ఎముక మీదే దెబ్బ పడుతుంది. మన ఇళ్ళల్లో ఎక్కడ పడతారో మీకూ తెలుసు. పసుపు రాసిన ఎత్తు గడప దగ్గర, పొద్దున్నే కడిగి తడి ఆరని వసారాలో, అర్ధరాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు. పాదం పైకి లేవనివాళ్ళు హవాయి చెప్పు ఈడ్చుకుంటూ పడతారు, లుంగీ అంచు కాలికింద పడి పడతారు. ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో సరిచేసుకోవచ్చు. వెనక పట్టీ ఉన్న చెప్పు, పాదం దాకా జారని పైజామా, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా చిన్న లైటు. నులక మంచం మధ్యలో కుంగుతుంది, అందులోంచి లేవడం బలంగా ఉన్నవాళ్ళకే కష్టం. చెక్క మంచం వెయ్యండి. పడతాడన్న భయంతో నడిపించకపోతే ఎముక ఇంకా గుల్లబారి, ఎప్పుడో ఒకసారి లేచినప్పుడు పడి ఇంకా సులువుగా విరుగుతుంది. భయం ఉన్న ఇంట్లో కడ్డీ బిగించండి, నడక ఆపకండి.

ఇదంతా కుటుంబం నెత్తినే వేసి చేతులు దులుపుకుందామా? మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంటివాళ్ళకు ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చి, ఇంట్లో వ్యాయామాలు చేయించమన్నారు. ఆరు నెలలకు చూస్తే, చనిపోయినవాళ్ళూ ఇతరుల మీద ఆధారపడినవాళ్ళూ కలిసి రెండు జట్లలోనూ 47 శాతమే. శిక్షణ వల్ల తేడా రాలేదు. కొందరు దీన్ని చూసి ఇంట్లో వ్యాయామం దండగ అన్నారు. నేను అలా చదవను. వంటా, పొలం పనీ, పిల్లల బడీ చూసుకునే కోడలిని ఫిజియోకి బదులుగా నిలబెట్టడం కుదరదని ఆ ఫలితం చెబుతోంది. ఇంటివాళ్ళు ఫిజియో పక్కన ఉండాలి, ఫిజియో స్థానంలో కాదు. ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి, ఊరూరా ఆశా కార్యకర్త ఉంది. మనిషి ఇంటికొచ్చాక మొదటి మూడు నెలలు వారానికొకసారైనా ఫిజియో గుమ్మం ఎక్కే ఏర్పాటు మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాలి. డిశ్చార్జ్ కాగితంలో మందుల పేర్ల కింద రోజుకి ఎన్నిసార్లు నిలబడాలి, ఎంత నడవాలి అన్నది తెలుగులో రాయాలి.

ఇక పరిశోధకులకు నా విన్నపం. పక్షవాతం తర్వాత వ్యాయామం ఎముకకు చేసే మేలు మీద ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రయోగాలు చాలావరకు ఎముక సాంద్రతను కొలిచినవే, అవీ కొద్దిమందితో చేసినవే. చివరికి తుంటి విరగడం ఎంత తగ్గిందో లెక్కపెట్టాలంటే వేలమంది కావాలి, మూడు నాలుగేళ్ళు కావాలి. అంతమంది పేషెంట్లు గుంటూరులో ఉన్నారు, వరంగల్‌లో, కర్నూలులో, విశాఖలో ఉన్నారు. వీటిలో ప్రతి ఊళ్ళోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఒక జట్టుకి బలహీనమైన కాలి మీద బరువు పడేలా రోజూ లేచి కూర్చునే వ్యాయామం, ఫిజియో పర్యవేక్షణ ఇవ్వండి. ఇంకో జట్టుకి ఇప్పుడిస్తున్న వైద్యమే ఇవ్వండి. మొదట్లోనూ ఏడాదికీ రెండు తుంట్లకూ స్కాన్ తీయండి. ఎవరు పడ్డారో, ఏ వైపు పడ్డారో, ఏది విరిగిందో ఇంటికి వెళ్ళి అడిగి రాసుకోండి. అసలు లెక్కల పుస్తకాలు ఎవరడిగినా చూపించేలా భద్రపరచండి. సాటో తర్వాత ఈ రంగంలో అది తప్పనిసరి. మాస్టారి శిష్యులు ఈ నాలుగు ఊళ్ళల్లోనూ పనిచేస్తున్నారు, వాళ్ళల్లో కొందరు ఈ సభలోనే ఉన్నారు. సభ అయ్యాక వాళ్ళతో కూర్చుని ఈ ప్రయోగం ముసాయిదా మాట్లాడుకోవాలని నా కోరిక.